దమ్మును చదివే చదువు

“పండుకుంటే దమ్మొస్తాంది సారూ, లేసి కూసుంటే జర నయం.” సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఆయాసం రోగులు వరసలో నిలబడే చోట వినిపించే మాటే ఇది. పరీక్షలు మొదలుకాకముందే ఈ మాట ఒక దారి చూపిస్తుంది. పడుకోగానే కాళ్లలో నిలిచిన రక్తం ఛాతీ వైపు మళ్లుతుంది. ఎడమ గుండె నీరసించి ఉంటే ఆ అదనపు రక్తాన్ని ముందుకు తొయ్యలేదు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. కాబట్టి ముందు గుండె సంగతి చూడాలి. అదే మనిషి “తెల్లారగట్ల దగ్గుతోని లేస్తున్న, పిల్లికూతలు వస్తున్నయ్” అన్నాడనుకోండి, ఆలోచన ఉబ్బసం వైపు పోతుంది. అక్కడే ఆగిపోకూడదు కూడా. గుండె చేతులెత్తేసినప్పుడూ పిల్లికూతలు రావచ్చు. పాతకాలపు వైద్యులు దాన్ని గుండె ఉబ్బసమనేవారు.

శ్వాసచికిత్స, అంటే రెస్పిరేటరీ థెరపీ, చదవడానికి వచ్చే పిల్లల్లో చాలామందికి వెంటిలేటర్ మీద మోజు. తెర మీద కదిలే గీతలు, మీటలు, అలారాలు, వాటి ఆకర్షణ వాటిది. వాళ్ల చేతికి ముందు రావాల్సింది మాత్రం అంతకంటే పాత విద్య: చూడడం, తాకడం, తట్టడం, వినడం. ఇవి డాక్టర్లకూ నేర్పుతారు కదా అంటే, నేర్పుతారు. అయితే డాక్టరు ప్రధానంగా జబ్బుకు పేరు పెట్టడానికి పరీక్షిస్తాడు. షిఫ్టంతా మంచం పక్కనే ఉండే థెరపిస్టు అదే ఛాతీని మళ్లీ మళ్లీ చూస్తాడు. గంట కింద లేనిది ఇప్పుడేం వచ్చింది, మందు ఇచ్చాక ఏం పోయింది, ఇది పట్టుకోవడం అతని పని. నేర్పే తీరంతా ఈ తేడా మీద నడవాలని నా అభిప్రాయం.

ఈ ప్రాంతంలో నేర్చుకోవడానికి కేసులకు కొదవ లేదు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, ఊక దుమ్ములో ఏళ్లకేళ్లు పనిచేసే హమాలీలు. మేళ్లచెరువు, మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదాలు, విరిగిన పక్కటెముకలు. పత్తి చేలల్లో పురుగుమందు ఒంటికి పట్టినవాళ్లు. జన్మలో బీడీ ముట్టకపోయినా కట్టెల పొయ్యి పొగతో ఊపిరితిత్తులు చెడిన ఆడవాళ్లు. ఉమ్మడి నల్లగొండ జిల్లాను దశాబ్దాలు పీడించిన ఫ్లోరోసిస్ కూడా ఒక రకంగా ఛాతీ జబ్బే: పక్కటెముకల కీళ్లు బిగుసుకుపోతే ఊపిరితిత్తులు బాగున్నా ఛాతీ విచ్చుకోదు. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది. కేసు కాస్త బరువైతే హైదరాబాదో, ఖమ్మమో, విజయవాడో అని ఇంటివాళ్లు లెక్కలు వేసుకునే ఊళ్లకు అది చిన్న మార్పేమీ కాదు.

చూడడంతో మొదలుపెడదాం. శ్వాసలు లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకని మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, కళ్లు ఛాతీ మీద పెట్టి, నిండా నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 దాకా మామూలు. 25కు చేరిందంటే బీపీ బాగానే ఉన్నా డాక్టరును పిలవాలి. చాలా కేసు షీట్లలో అందరికీ 18 అనో 20 అనో రాసి ఉంటుంది. వార్డు వార్డంతా కూడబలుక్కుని ఊపిరి తీస్తున్నట్టు! విద్యార్థి చేత ఆ నిమిషం నిజంగా లెక్కపెట్టించగలిగితే గురువు గట్టివాడే. తర్వాత మెడ కండరాలు బిగుసుకుని పైకి తేలుతున్నాయా, పెదవులు సున్నా చుట్టి ఊదుతున్నాడా, మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడా చూడాలి. పీల్చేటప్పుడు పైకి లేవాల్సిన పొట్ట లోపలికి పోతుంటే డయాఫ్రం అలిసిపోయిందన్నమాట. ఇక ఎక్కువ సమయం లేదు.

వేళ్ల చివర్లు ఉబ్బాయేమో తెలుసుకోవడానికి రెండు చేతుల వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనిస్తారు. మామూలు వేళ్లయితే మధ్యలో వజ్రం ఆకారంలో సన్నటి సందు కనిపిస్తుంది; ఉబ్బితే ఆ సందు మూసుకుపోతుంది. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్‌రాత్ 1976లో రాసిన కిటుకు ఇది. గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు తన సొంత వేళ్లు మారడం చూసి కనిపెట్టాడు.

తాకడంలో ముఖ్యమైనవి రెండు. మెడ గుంటలో వేలు పెట్టి శ్వాసనాళం మధ్యలోనే ఉందా, పక్కకు జరిగిందా చూడడం ఒకటి. వీపు మీద రెండు అరచేతులూ పరిచి, బొటనవేళ్లు వెన్నెముక దగ్గర కలిపి, ఊపిరి పీల్చమనడం రెండోది. వేళ్లు రెండూ సమానంగా విడిపోవాలి. ఏది వెనకబడితే జబ్బు ఆ వైపు. టేపు చుట్టి కొలిస్తే పీల్చినప్పుడు ఛాతీ 5 సెంటీమీటర్ల దాకా పెరగాలి. ఫ్లోరోసిస్‌తో బిగుసుకుపోయిన ఛాతీకి టేపు అంతంతమాత్రంగానే కదులుతుంది.

తట్టి చూసే విద్యను 1761లో వియన్నాలో పుస్తకంగా రాసినవాడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్. గ్రాజ్ ఊళ్లో సత్రం నడిపేవాడి కొడుకు. పీపాలో సారా ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకోవడం ఇంట్లో చూసి పెరిగాడని చెబుతారు. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ ఫ్రెంచిలోకి తెచ్చేదాకా ఆ పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కుండ కొనేటప్పుడు తట్టి చూసే ఇళ్లలో పుట్టిన మన పిల్లలకు ఈ విద్య తొందరగానే ఎక్కాలి. ఎడమచేతి నడిమివేలు పక్కటెముకల సందులో గట్టిగా ఆనాలి, మిగతా వేళ్లు ఛాతీకి తగలకూడదు. కుడి నడిమివేలి కొనతో, మోచెయ్యి కదలకుండా, మణికట్టు విసురుతో రెండు దెబ్బలు వేసి వెంటనే తీసెయ్యాలి. గాలి ఉన్నచోట గుల్లగా మోగుతుంది. నెమ్ము చేసి గట్టిపడితే చప్పుడు మందగిస్తుంది, పొరల మధ్య నీరు చేరితే మరీ మొద్దుబారుతుంది.

అల్ట్రాసౌండ్ వచ్చాక ఇదంతా ఎందుకనేవాళ్లున్నారు. నీరు ఎంతుందో చెప్పడంలో వేలు తెరకు సాటిరాదు, ఒప్పుకుంటాను. కానీ రోడ్డు ప్రమాదంలో పక్కటెముకలు విరిగి వెంటిలేటర్ మీదున్న మనిషికి అర్ధరాత్రి ప్రెషర్ అలారం మోగి, ఆక్సిజన్ పడిపోతోందనుకోండి. ఎడమవైపు గాలి చప్పుడు లేదు. గొట్టం జారి శ్వాసనాళపు కుడి కొమ్మలోకి దిగిందా? ఎడమ ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి పొరల మధ్య చిక్కుకుందా? మొదటిదైతే పెదవుల దగ్గర గొట్టం మీది అంకె, షిఫ్టు మొదట్లో రాసుకున్న అంకెతో కలవదు; గొట్టం కాస్త వెనక్కి లాగితే తీరిపోతుంది. రెండోదైతే తట్టినప్పుడు ఆ వైపు మామూలు కంటే డొల్లగా మోగుతుంది, శ్వాసనాళం అవతలికి జరుగుతుంది, బీపీ పడిపోతుంది. అప్పుడు డాక్టరు ఎక్స్‌రే కోసం కూర్చోకుండా సూది గుచ్చి గాలి తీసెయ్యాలి. ఆ డాక్టరుకు ఫోనులో చెప్పాల్సిన నాలుగు ముక్కలూ థెరపిస్టు వేళ్ల కింద నుంచే రావాలి.

స్టెతస్కోపు కథ చాలామందికి తెలుసు. 1816లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో, యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడ్డ రెనే లెనెక్ కాగితాలను గొట్టంగా చుట్టి విన్నాడు. ఆ మొహమాటాన్ని మన పిల్లలూ గుర్తుపెట్టుకోవాలి. అలాగని చీర మీదా, చొక్కా మీదా పెట్టి వింటే బట్ట రాపిడి చెవిలో పడి లేని జబ్బు పుట్టుకొస్తుంది. తెర లాగి, పక్కన ఒక ఆడమనిషిని నిలబెట్టుకుని, “అవ్వా, ఈపు మీద పెట్టి వింట, నోరు తెరిచి పెద్దగ ఊపిరి తియ్యి” అని ముందే చెప్పాలి. పైనుంచి కిందికి, కుడి ఎడమలు జోడీగా పోల్చుకుంటూ, ప్రతి చోటా ఒక పూర్తి శ్వాస వినాలి. వదిలేటప్పుడు సన్నటి కూత వస్తే గాలి గొట్టాలు ముడుచుకున్నాయి. పీల్చే చివర్లో చిటపటలాడితే నీరైనా ఉండాలి, ఊపిరితిత్తి మచ్చపడి గట్టిపడైనా ఉండాలి. దగ్గించాక పోయే గరగర కఫానిది. ఉబ్బసం మనిషి మగతగా ఉండి, కూతలు ఆగిపోయాయంటే సంతోషించకూడదు. కూత పుట్టడానికి సరిపడా గాలి కూడా ఆడడం లేదని అర్థం.

పురుగుమందు కేసులో ఈ చెవి విలువ ఇంకా ఎక్కువ. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సరిపోయిందా లేదా అన్నది డాక్టరు ప్రధానంగా ఛాతీని బట్టే తేలుస్తాడు: చిటపటలు, కూతలు పోయి ఊపిరి శుభ్రంగా వినిపించాలి, నాడి 80 దాటాలి, చంకలు ఆరిపోవాలి. కంటిపాప ఒక్కదాన్నే నమ్మకూడదు. గండం గడిచిందనుకున్న ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ, శ్వాస కండరాలు పడిపోతాయి. అందుకే చూడబోయిన ప్రతిసారీ “తల ఎత్తు పెద్దాయనా” అని అడగాలి. దిండు మీది నుంచి తల లేవకపోతే ఊపిరి కూడా త్వరలో ఆగొచ్చు.

గుండె దగ్గర థెరపిస్టు పరిధి చిన్నదే. మంచం తల వైపు 45 డిగ్రీలు లేపి మెడ సిర ఉబ్బిందా చూడడం, పాదం మీద వేలు నొక్కి గుంట పడిందా చూడడం తప్పనిసరి. ఏళ్ల తరబడి ఊపిరితిత్తులు చెడితే కుడి గుండె కూడా దెబ్బతింటుంది. ఈసీజీలో చేతిపని ముఖ్యం. రొమ్ము ఎముక మీద చేతికి తగిలే గట్టు పక్కనే రెండో పక్కటెముక ఉంటుంది. అక్కడి నుంచి దిగుతూ లెక్కపెట్టి మొదటి రెండు ఛాతీ లీడ్లు నాలుగో సందులో పెట్టాలి. అందాజాగా పెడితే పైకి పోతాయి, లేని గుండెపోటు కాగితం మీద కనిపించవచ్చు.

ఊపిరి కొలిచే స్పైరోమీటర్‌ను 1846లో లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ లోకానికి పరిచయం చేశాడు. యంత్రం ఎంత మంచిదైనా ఊదించేవాడి గొంతు బాగుండాలి. ముక్కుకు క్లిప్పు పెట్టి, నిండా పీల్చమని, “ఊదు తాతా ఊదు, ఇంకా ఇంకా ఇంకా, ఆపకు” అని సిగ్గుపడకుండా అరవాలి. నెమ్మదస్తులైన పిల్లలకు కష్టమైన పాఠం ఇదే. సరిగ్గా ఊదినవి కనీసం మూడు కావాలి, వాటిలో మేలైన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. గొట్టాలను విప్పే సాల్బుటమాల్ పీల్పించి 15 నిమిషాలాగి మళ్లీ ఊదించాక కూడా, మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తంలో 70 శాతం కంటే తక్కువుంటే గొట్టాల్లో శాశ్వతమైన అడ్డు ఉందని అనుకోవాలి.

కరోనా పుణ్యమా అని ఆక్సీమీటర్ ఇంటింటికీ చేరింది. కానీ పొగతో ఏళ్లుగా ఊపిరితిత్తులు చెడి ఆక్సిజన్ పెట్టుకున్న రోగికి 98 శాతం చూసి మురిసిపోతే ప్రమాదం. అలాంటివాళ్లకు 88 నుంచి 92 మధ్య చాలు. ఎక్కువ పెడితే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారవచ్చు, వేలికి తొడిగిన మీటర్ ఆ సంగతి చెప్పదు. చెప్పేది మణికట్టు ధమని నుంచి తీసిన రక్తం. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు రోగుల రక్తంలో బైకార్బనేట్ పెరగడం చూసి పెద్ద డాక్టర్లే మరేదో అనుకున్నారు. పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ వల్లే అది పెరిగిందని, ఊపిరి చాలడం లేదని గ్రహించినవాడు మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్. మెడలో గొట్టం వేయించి, చేత్తో బ్యాగు నొక్కించాడు. వంతులవారీగా నెలల తరబడి ఆ బ్యాగులు నొక్కింది దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు. రోగి మొహం చూస్తూ, ఛాతీ లేవడం చూస్తూ ఎంత నొక్కాలో వాళ్లు మంచం పక్కనే నేర్చుకున్నారు.

అందుకే ఇంటర్న్‌షిప్ అంతా పెద్దాసుపత్రి ఐసీయూలోనే గడిచిపోవడం నాకు నచ్చదు. అక్కడికి వచ్చేసరికే చాలామందికి గొట్టం పడి ఉంటుంది. మామూలు ఊపిరి చెడ్డ ఊపిరిగా మారే దశ విద్యార్థి కంట పడదు. వడ్లు కుప్పలుగా వచ్చి మిల్లులు రాత్రింబవళ్లు నడిచే నెలల్లో మిర్యాలగూడ ఓపీలో స్పైరోమీటర్‌తో కూర్చోబెట్టాలి. కోదాడలో, పై ఆసుపత్రికి పంపే రోగి వెంట పోయే చీటీ రాయించాలి: ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద శాచురేషన్ ఎంత, నిమిషానికి శ్వాసలెన్ని, ఏ వైపు గాలి తక్కువ, తల ఎత్తగలుగుతున్నాడా, ఇవి ఎన్ని గంటలకు చూశారు. టైము వెయ్యని చీటీకి మార్కులు ఇవ్వకూడదు. రెండు మూడు గంటల తర్వాత అంబులెన్సు తలుపు తీసే థెరపిస్టు, దారిలో రోగి మెరుగయ్యాడో దిగజారాడో ఆ చీటీని పక్కన పెట్టుకునే తేల్చుకోవాలి.