తెలుగు లిపిలో ఇంగ్లీషు ఉచ్చారణ

తెలుగువారికోసం అచ్చయ్యే ఇంగ్లీషు పదకోశాల్లో చాలావరకు ఒకే పద్ధతి కనిపిస్తుంది. ఎడమవైపు ఇంగ్లీషు పదం, పక్కన తెలుగు లిపిలో దాని ఉచ్చారణ, ఆపైన ఒకటో రెండో తెలుగు అర్థాలు. ఇంగ్లీషు మాధ్యమం అందుబాటులో లేని కొన్ని తరాలకు ఈ పుస్తకాలే గురువులు. అందువల్ల వాటిని తేలిక చేయడం న్యాయం కాదు. అయితే ఆ రెండవ, మూడవ గడుల్లో ఉన్నదాన్ని ఎంతవరకు నమ్మవచ్చునన్నది పరిశీలించదగ్గ విషయం.

తెలుగులో పలికినదే రాస్తాం, రాసినదే పలుకుతాం అన్నది మనకున్న గట్టి నమ్మకం. తెలుగు విషయంలోనే ఇది పూర్తిగా నిజం కాదు. 'చెప్పాడు', 'వచ్చాడు' అన్న మాటల నడుమ చాలామంది పలికే అచ్చు 'ఆ' కాదు, 'ఏ' కాదు, ఆ రెంటికీ మధ్యది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) దీన్ని విడి అచ్చుగా గుర్తించింది. వర్ణమాలలో మాత్రం దానికి చోటు లేదు. ఇంగ్లీషు 'బ్యాంక్', 'క్యాట్' పదాల్లో ఉన్నది దీనికి దగ్గరి ధ్వనే. నోట ఉన్న ధ్వనికి అక్షరం లేక యకారాన్ని అరువు తెచ్చుకున్నాం. పుస్తకం చూసి నేర్చుకున్నవాడు లేని యకారాన్ని శ్రద్ధగా పలుకుతాడు. ఇక్కడ లోపం లిపిదే గాని తెలుగు నోటిది కాదు.

హల్లుల సంగతి మరీ చిత్రం. ఇంగ్లీషులో ఊనిక ఉన్న అక్షరం మొదట వచ్చే ప, ట, క ధ్వనులు మహాప్రాణాల ఛాయతో పలుకుతాయి. మహాప్రాణాలకు విడి అక్షరాలున్న లిపి మనది. అయినా 'పిన్' అనే రాస్తాం, ఎందుకంటే 'ఫ'ను అప్పటికే వేరే పనికి, పై పళ్ళు కింది పెదవిని తాకగా పుట్టే ధ్వనికి, కేటాయించేశాం. ఊపిరి లేని మన 'పిన్' ఇంగ్లీషు చెవికి 'బిన్'గా వినబడవచ్చు. 'వెట్' అన్న ఒక్క రాతలో పశువైద్యుడూ, తడీ రెండూ ఇమిడిపోతాయి. (ఈ వ్యాసానికీ అదే లిపి దిక్కు కనుక ఆ తేడాను వర్ణించగలదే గాని రాసి చూపలేదు.)

పదకోశాలు బొత్తిగా పట్టించుకోనిది ఊనిక. 'ఫోటోగ్రాఫ్' మాటలో అది మొదటి అక్షరం మీద, 'ఫోటోగ్రాఫర్' మాటలో రెండవదాని మీద, 'ఫోటోగ్రాఫిక్' మాటలో మూడవదాని మీద పడుతుంది. ఊనిక జారినచోట అచ్చు కుంచించుకుపోయి అస్పష్టమైన 'అ'కు చేరువవుతుంది. 'రికార్డ్' నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనుక. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట అర్థం మారదు, అందుచేత దాని అవసరం మనకు తట్టదు. ఆస్పత్రి ఫోన్‌లో మందు మోతాదు చెప్పే నర్సుకు మాత్రం ఇది వ్యాకరణ చర్చ కాదు. 15, 50 విడిగా పలికినప్పుడు మొదటిదానిలో ఊనిక చివర, రెండవదానిలో ముందు. మన పుస్తకాల ప్రకారం వీటి మధ్య తేడా అంతా చివరి నకారపొల్లులోనే ఉంది. ఫోన్‌లో తేలికగా జారిపోయేదీ అదే.

అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఊనిక గల అక్షరానికి ముందు ఒక చిన్న నిలువు గీత పెడతారు. డేనియల్ జోన్స్ 1917లో తెచ్చిన ఉచ్చారణ నిఘంటువు ఆ లిపిని ఇంగ్లీషు విద్యార్థులకు అలవాటు చేసింది. మనవారు ధ్వనిలిపి మొత్తం నేర్పనక్కరలేదు. తెలుగు అక్షరాల మధ్య ఆ గీత ఒక్కటి చేర్చడానికి అయ్యే ఖర్చేమిటో నాకు బోధపడదు.

అర్థాల గడి ఇంకా పొదుపరి. 'ఈవెంచువల్లీ', 'ఫైనల్లీ', 'ఎట్ లాస్ట్' మూడింటికీ 'చివరకు' అని ఉంటుంది. మూడవదానిలో ఎదురుచూపు తీరిన ఊరట ఉందని, మొదటిదానిలో ఆ ఊరట లేకపోగా కాలయాపన మాత్రమే ఉందని ఎవరు చెప్పాలి? 'డౌట్' అంటే సందేహం. తెలుగులో గురువును 'సందేహం అడుగుతాం', అంటే తెలియనిది తెలుసుకుంటాం. అదే భావంతో పైఅధికారి ప్రతిపాదన విని 'నాకొక డౌట్ ఉంది' అని ఇంగ్లీషులో అంటే, ఆయనకు వినబడేది అపనమ్మకం. అక్కడ కావలసిన మాట 'క్వశ్చన్'. 1942లో జపాన్‌లో వెలువడిన హార్న్‌బీ నిఘంటువు విదేశీ విద్యార్థికి పదంతోబాటు అది ఇమిడే వాక్య నిర్మాణాన్నీ చూపింది. 'డౌట్' ఎదుట 'సందేహం' అని వదిలేయక, 'నీ మాట మీద నాకు సందేహమే' వంటి వాక్యం ఒకటి ఇస్తే అర్ధపంక్తి కాగితం ఖర్చవుతుంది, అంతే.