‘ప్రాణం పెట్టి చేసిన’ ఆటలు: విద్యానాథుని శయ్యాలక్షణం వెలుగులో మూడు వీడియో గేములు - పరిశీలన

వ్యాససంగ్రహం:
కొన్ని వీడియో గేములను ఆడినప్పుడు వాటిని చేసినవారు ఎంతో ఇష్టంతో చేశారన్న భావన కలుగుతుంది. ఈ భావనకు ఆధారం నిర్మాతల త్యాగాల కథలా, లేక ఆట నిర్మాణమేనా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఓరుగల్లులో వెలసిన అలంకారశాస్త్రగ్రంథం ‘ప్రతాపరుద్రీయం’ చెప్పిన శయ్యాలక్షణాన్ని ప్రమాణంగా తీసుకొని ‘అసుర’, ‘రాజీ’, ‘వెణ్బా’ అనే మూడు ఆటలను పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వీడియో గేమ్, శయ్య, ప్రతాపరుద్రీయం, రామప్ప, ఆటనియమం, వైకుంఠపాళి.

1. ఉపోద్ఘాతం

ఒక సినిమా గాని, శిల్పం గాని మనసుకు పట్టినప్పుడు తెలుగువారు ‘ప్రాణం పెట్టి చేశారు’ అంటారు. ఇది మెచ్చుకోలే, కాని విమర్శ కాదు. ఎందుకంటే ఇదే మాటను బాగా రాని పనిని వెనకేసుకు రావడానికి కూడా వాడుతుంటాం. ‘పాపం, ఎంతో కష్టపడి తీశారు’ అన్న తరువాత ఆ సినిమా లోపాలను ఎత్తిచూపడం అమర్యాద అవుతుంది. భారతీయ వీడియో గేముల గురించి ఇప్పుడిప్పుడే మొదలవుతున్న చర్చలో ఈ అలవాటు బలంగా కనిపిస్తోంది. ‘మనవాళ్లు చేశారు, సొంత డబ్బుతో చేశారు’ అన్నంతతో పరిశీలన ఆగిపోతోంది. వేరే సాహిత్యరూపాలకు వర్తించే కఠినత్వం ఆటలకూ వర్తించాలంటే మనకు ఒక ప్రమాణం కావాలి.

ఆ ప్రమాణాన్ని దూరదేశాల నుంచి తెచ్చుకోనక్కరలేదు. కాకతీయ ప్రతాపరుద్రుని (1289-1323) ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ‘ప్రతాపరుద్రీయం’ శయ్యను పదాల పరస్పరమైత్రిగా నిర్వచించింది. ఒక పదాన్ని తీసి దాని స్థానంలో పర్యాయపదాన్ని పెడితే బంధం ఓర్చుకోదు. ఆ ఓర్వలేనితనమే శయ్యకు గుర్తు. ఇది కవి ఎన్ని రాత్రులు మేల్కొన్నాడని అడిగే లక్షణం కాదు, పద్యంలో ఏది ఎక్కడ ఎందుకు ఉందని అడిగే లక్షణం. పదాల స్థానంలో బొమ్మ, కథ, ధ్వని, ఆటనియమం అనే నాలుగింటిని ఉంచితే ఆటలకూ ఇదే ప్రశ్న వేయవచ్చు. వీటిలో ఆటనియమమే ప్రధానం. మిగిలిన మూడూ సినిమాలోనూ ఉన్నాయి గదా.

2. జీతమూ ప్రీతీ

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. విద్యానాథుని ఉదాహరణశ్లోకాలు తన ప్రభువు కీర్తినే గానం చేస్తాయి. ఆశ్రయమిచ్చినవాని కోసం చేసిన పనికీ ప్రీతికీ పొత్తు ఎక్కడిది? రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని చూస్తే సమాధానం దొరుకుతుంది. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాలో చేరిన ఈ గుడిని జనం కట్టించిన సేనాని పేరుతో గాక, శిల్పిదిగా చెప్పుకొనే రామప్ప పేరుతో పిలుస్తారు. నల్లరాతి మదనికలను దూరం నుంచే చూడవచ్చు. స్తంభాల చెక్కడంలోని సూది దూరేంత సన్నని సందులను మాత్రం గైడు చూపిస్తే తప్ప గమనించం. సేనాని ఆజ్ఞతో జరిగిన పనిలోనే, ఆజ్ఞకు అవసరం లేని చోట కూడా చేయి ఆగలేదు. ప్రీతికి ఆనవాలు అది. జీతం పుచ్చుకోకపోవడం కాదు.

ఈ భేదాన్ని స్పష్టం చేయడం అవసరం. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో విడుదల చేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని ప్రేమతో చేసిన ఆటకు ఉదాహరణగా ప్రపంచమంతా చెబుతారు. అది అతడు తనకు తాను విధించుకొన్న శ్రమ. 2018లో ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ విడుదలకు ముందు, వారానికి 100 గంటల పని గురించి ఆ సంస్థ సహవ్యవస్థాపకుడు డాన్ హౌసర్ అన్న మాట వివాదమై, అది కొద్దిమంది రచయితలకు సంబంధించిందేనని వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఉద్యోగి అలసటను కూడా ‘ఇష్టం’ అనే పద్దులో రాసుకొనే వీలు ఈ పరిశ్రమలో ఉంది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు స్టూడియోలలో చేరే యువతకు ఇది పుస్తకాలలోని సమస్య కాదు. అందువల్ల కూడా శ్రమపరిమాణాన్ని బట్టి ఆటకు విలువ కట్టడం విమర్శకు తగని పని.

3. ‘అసుర’, ‘రాజీ’: సగం కుదిరిన మైత్రి

హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను విడుదల చేసింది. పైనుంచి చూసే కోణంలో సాగే ఈ పోరాటపుటాటలో ఆడేవారు పగ తీర్చుకోవడానికి బయలుదేరిన అర్ధదానవుని పాత్ర వహిస్తారు. చనిపోతే మళ్లీ మొదటికి వస్తారు. అప్పుడు ఆటస్థలమూ మారుతుంది, నేర్చుకోదగిన శక్తుల వృక్షమూ మారుతుంది. ఈ జాతి ఆటలన్నింటా ఉన్న మరణం-పునరారంభం అనే నియమం పునర్జన్మను నమ్మే పురాణలోకంలోకి వచ్చేసరికి తన ఇంటికి తాను వచ్చినట్టుంది. ఇక్కడ నియమానికీ ఇతివృత్తానికీ మైత్రి సహజంగా కుదిరింది. అయితే ఆట దాన్ని అంతటితో వదిలేసింది. పోయిన జన్మ ఈ జన్మను ఎలా వెంటాడుతుందన్నది కథలో పండలేదు. కత్తి వేగం మీద పెట్టిన శ్రద్ధ కర్మ మీద పెట్టలేదు. నాయకుడు అసురుడు గాక మరే దేశపు రాక్షసుడైనా ఆట చాలావరకు ఇలాగే సాగుతుంది. అంటే పర్యాయపదాన్ని బంధం ఓర్చుకొంటోందన్నమాట.

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్’ కథ మరింత ప్రసిద్ధం. 2017లో ప్రజల నుంచి విరాళాలు కోరితే లక్ష్యం నెరవేరలేదు. సంస్థాపకులలో ఒకరు తన ఫ్లాటు అమ్మి పని సాగించారు. ఈ వృత్తాంతం చెప్పకుండా ఆ ఆట గురించి ఎవరూ రాయడం లేదు. ఆటలోకి వెళితే రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం రాజీ అనే సర్కస్ పిల్ల వెదుకుతూ పోతుంది. దుర్గ, విష్ణువు ఆమెను చూస్తూ మాట్లాడుకొంటుంటారు. రాజస్థానీ కోటల ఛాయలున్న భవనాలు, గోడల మీది చిత్రాలు, తోలుబొమ్మలాటను తలపించే కథాఘట్టాలు ముచ్చట గొలుపుతాయి. గోడచిత్రం ముందు ఆగితే దాని వెనుకనున్న పురాణగాథ వినిపిస్తుంది. ఆగకపోయినా ఆట ముందుకే వెళుతుంది. రామప్ప స్తంభపు సందు లాంటిదే ఇదీ.

కాని పోరాటాల దగ్గరకు వచ్చేసరికి ఈ మైత్రి చెడింది. గెంతులూ మొగ్గలూ వచ్చిన పిల్ల కదలిక బిగుసుకుపోయినట్టుంటుంది. శత్రువుల గుంపులు వచ్చినదే వస్తుంటాయి. కొద్దిగంటల ఆట ముగింపు దగ్గర తెగినట్టు ఆగుతుంది. బొమ్మలో పెట్టిన ప్రాణం నియమంలో పెట్టలేదు. ఫ్లాటు అమ్మిన సంగతి తెలిసినా ఈ తీర్పు మారవలసిన పని లేదు. ఆ త్యాగం పట్ల గౌరవం ఉంచుకొంటూనే ఈ మాట అనడం ఆ నిర్మాతలను కళాకారులుగా గుర్తించడమే.

4. ‘వెణ్బా’: నియమమే కథ

పై రెండింటికి భిన్నంగా, టొరంటోకు చెందిన విసై గేమ్స్ 2023లో తెచ్చిన ‘వెణ్బా’ గంటన్నరలో అయిపోతుంది. వెణ్బా అన్నది తమిళంలో ఒక ఛందోరూపం పేరు; ఇక్కడ 1980లలో కెనడా చేరిన తమిళ గృహిణి పేరు. ఆడవలసింది వంట. అమ్మ ఇచ్చిన వంటపుస్తకంలో పుటలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. మిగిలిన ముక్కలను బట్టి, చేతికున్న పాత్రలను బట్టి మిగతాది ఊహించాలి. ఇడ్లీ రేకులను ఆవిరి అన్నింటికీ అందేలా ఎలా పేర్చాలి, పుట్టు గొట్టంలో పిండి, కొబ్బరి ఏ వరుసలో వేయాలి అన్నవే ఇక్కడి చిక్కుముళ్లు. పొరపాటు చేస్తే శిక్ష లేదు, మళ్లీ చేయవచ్చు. వలస వచ్చిన మనిషి తన ఊరిని జ్ఞాపకం చేసుకొనే తీరే అది: ముక్కలుగా, చేతుల ద్వారా, తప్పులు చేస్తూ. తల్లికి చిరిగిన పుట అడ్డమైతే, కొడుకు కవిన్ చేతికి పుస్తకం వచ్చేసరికి తమిళమే అడ్డమవుతుంది. ఆటనియమం మారలేదు, దాని అర్థం మారింది. వంట స్థానంలో మరో పనిని పెట్టి చూడండి, బంధం ఓర్చుకోదు. శయ్య అంటే ఇదే.

2024లో ఈ ఆటకు స్వతంత్ర గేముల ఉత్సవంలో ప్రధాన బహుమతి, బాఫ్టాలో తొలి ఆట పురస్కారం లభించాయి. నిర్మాతలు ఏమి అమ్ముకొన్నారన్నది తెలియకుండానే పాఠకుడు, క్షమించాలి, ఆటగాడు, ఇందులోని ఇష్టాన్ని గుర్తుపడతాడు. లోపం లేకపోలేదు. సంవత్సరాల మధ్య దూకే కథలో కొన్ని సంఘర్షణలు మొదలైన చోటే తీరిపోతాయి. తండ్రి పావలన్ పాత్రకు ఇంకొంత చోటు ఇవ్వవలసింది.

5. తెలుగు ఆట ఎదుట ఉన్న ప్రశ్న

‘మన సంస్కృతిని గేముల్లోకి తేవాలి’ అన్న మాట సభలలో తరచుగా వినిపిస్తోంది. కాకతీయ తోరణాన్ని వెనుక తెరగా నిలిపి ముందు ఎప్పటి పోరాటమే నడిపితే తెచ్చింది అలంకారం మాత్రమే. తోరణం తీసి మరో కమాను పెట్టినా ఆటకు నొప్పి కలగదు. తెలుగు ఇళ్లలో సంక్రాంతికో శివరాత్రి జాగారానికో పరిచే వైకుంఠపాళిని గమనిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ నిచ్చెన సుగుణం, పాము దుర్గుణం. దాదాపు పైదాకా వెళ్లినవాణ్ణి పెద్ద పాము మింగి అడుగుకు దింపినప్పుడు పిల్లవాడు అరిచే అరుపులో ఏ ఉపదేశమూ లేదు. అయినా గర్వం ఎక్కడ పడదోస్తుందో పందెం వేసిన చేతికి తెలిసింది. గవ్వలు మళ్లీ చేతిలోకి తీసుకొంటాడు.