పెళ్లింట పిల్లాడేడీ? (ముందుమాట)

ఈ పుస్తకంలో నన్ను ముందుకు కదలనివ్వని పేజీ ఒకటుంది. న్యూజెర్సీలో ఉంటున్న మనవాళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్న కొడుకుని బడికీ గుడికీ విందులకీ వెంటేసుకు తిరుగుతారు. వాళ్లే అనకాపల్లి గవరపాలెంలో చుట్టాలింటి పెళ్లికొచ్చి, వాణ్ణి మేడమీద గదిలో కూర్చోబెట్టి కిందికి దిగారు. ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది, సంబంధాలు చూస్తున్నారు, అదీ పెద్దల భయం.

అమెరికా వాళ్లు మంచివాళ్లనీ మనం కామనీ తేల్చేస్తే పుస్తకం పది పేజీల్లో అయిపోయేది. రచయిత్రి, అంటే మా అమ్మాయి, ఆ దారి పట్టలేదు. అమెరికాలోనే నాటకకర్త ఆర్థర్ మిల్లర్ 1966లో పుట్టిన ఇలాంటి కొడుకుని పసిగుడ్డుగానే సంస్థకి అప్పగించాడు. 1987లో వచ్చిన ఆత్మకథలో వాడి ఊసే లేదు. అంతకు చాలా ముందే, ఫ్రాన్సు నాయకుడు డి గాల్ డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతురు ఆన్‌ని ఇంట్లోనే పెంచుకున్నాడు. అమెరికాలో ఇలాంటి పిల్లలకి బడుల తలుపులు తెరిపించింది 1975 నాటి చట్టం. డెన్మార్కులో 2004 నుంచి గర్భిణులందరికీ డౌన్ సిండ్రోమ్ పరీక్ష అందుబాటులో ఉంది. ఉందని తేలితే ఎక్కువమంది గర్భం ఉంచుకోరు.

మన దగ్గర బిడ్డతోపాటు నింద కూడా పుడుతుంది, అది తల్లి నెత్తినే పడుతుంది. గ్రహణం నాడు బయటికొచ్చిందంటారు, ఏదో తినకూడనిది తిన్నదంటారు. 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ రావడానికి గ్రహణంతో ఏం పని? తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది నిజమే, కానీ ఇరవయ్యేళ్ల తల్లులకీ పుడుతున్నారు. పిల్లల వైద్యుడిగా ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది.

ఒక్క అధ్యాయంతోనే నాకు పేచీ. ‘నూకాలమ్మ తల్లి ఇచ్చిన బిడ్డండీ’ అన్న ఒక తల్లి మాటకి మా అమ్మాయి కరిగిపోయింది. నేనంత తొందరగా కరగను. పూర్వజన్మ పాపం అన్నవాళ్లూ నేర్పలేదు, దేవుడి బిడ్డ అన్నవాళ్లూ నేర్పలేదు, ఆ పిల్లాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం. పదిహేనేళ్లొచ్చినా నాయనమ్మే ముద్దలు కలిపి పెడుతుంది. ప్రేమకి లోటు లేదు, అదే చిక్కు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో టీచరుగా మా అమ్మాయి ఓ పిల్లాడి చేత గుండీలు పెట్టిస్తుంటే, ‘పసోణ్ణి ఏడిపించకు టీచరమ్మా’ అని తల్లి కోప్పడిన ఘట్టం మాత్రం అచ్చంగా మన ఊరిదే. రెండు నెలలకి గుండీలు పడ్డాయి. తల్లి ఏమందో పుస్తకంలోనే చదవండి.

అమెరికాలోని తల్లి ‘వీడు తనంత తాను బతకగలడా’ అని అడిగితే, ఇక్కడి తల్లి ‘మా తర్వాత ఎవరు చూస్తారు’ అంటుంది. అందుకని అమ్మాయిని ఒకటి కోరుతున్నా. మలి ముద్రణలో నాలుగు పేజీలు చేర్చు. ఇలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది కాబట్టి పుట్టగానే ఎకో తీయించాలని రాయి. ఏటా థైరాయిడ్ పరీక్ష సంగతి రాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిది దాటిన బిడ్డకి సంరక్షకుణ్ణి జిల్లా స్థాయి కమిటీ నియమిస్తుంది. ఆ దరఖాస్తుకి ఏ కాగితాలు కావాలో, ఎవరికివ్వాలో అనకాపల్లి తల్లికి అర్థమయ్యేలా రాయి.

ఆశీస్సులతో,
ఒక పిల్లల వైద్యుడు, అనకాపల్లి