లగ్గు బిగువు

నిజామాబాద్‌లో ఇన్వర్టర్ కొనేవాళ్లు బ్యాటరీ గురించి చాలానే అడుగుతారు. ఎన్ని ఏహెచ్? గ్యారంటీ ఎన్నేళ్లు? ఫ్రిజ్ నడుస్తుందా? వైరు ఎన్ని స్క్వేర్ ఎంఎం అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. పాత ట్యూబులర్ బ్యాటరీ తీసేసి లిథియం పెట్టేటప్పుడు, ‘పాత వైర్లు మంచిగనే ఉన్నయి గదన్నా, గవ్వే పెట్టు’ అనే మాట తరచూ వింటాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం ఇది. ఇన్వర్టర్లు బిగించే పని చేసేవాడిగా ఈ వారం ఆ వైరు గురించి, దాని కొసన ఉండి టర్మినల్‌కు బిగించే లగ్గు గురించి రాస్తున్నాను.

మన రైతులకు ఇందులో సగం లెక్క ముందే తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా ఉండి బోరు దాకా సన్న వైరు లాగితే మోటారు మూలుగుతుంది, నీళ్లు తగ్గుతాయి, చివరికి కాయిల్ కాలుతుంది. దారిలోనే కొంత వోల్టేజ్ పోతుందని వర్ని, కోటగిరి పొలాల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. బ్యాటరీ దగ్గరా జరిగేది అదే. కాకపోతే ఇక్కడ వోల్టేజ్ తక్కువ, ఆంపియర్లు ఎక్కువ. 230 వోల్టుల మీద వెయ్యి వాట్ల లోడుకు నాలుగున్నర ఆంపియర్లు సరిపోతాయి. అదే లోడును 12.8 వోల్టుల లిథియం బ్యాటరీ మొయ్యాలంటే, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలుపుకొని 90 ఆంపియర్ల దాకా కావాలి.

వంద ఆంపియర్లనే తీసుకుందాం. బ్యాటరీకి, ఇన్వర్టర్‌కి మధ్య రెండు మీటర్ల దూరం. పోయే వైరు, వచ్చే వైరు కలిపి నాలుగు మీటర్లు. 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే దారిలో దాదాపు అర వోల్టు పోతుంది, వైరులోనే 48 వాట్లు వేడిగా మారతాయి. 35 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ వేడి 22 వాట్లకు దిగుతుంది. ఆ అర వోల్టు ఇంటి లైనులో లెక్కలోకి రాదు గానీ, పన్నెండు వోల్టుల్లో నూటికి నాలుగు వంతులు. అందుకే ఒక్కోసారి బ్యాటరీలో చార్జ్ ఉండగానే ఇన్వర్టర్ ‘లో బ్యాటరీ’ అని కూత పెడుతుంది. ఇంట్లోవాళ్లు బ్యాటరీని తిడతారు. లోడు పెద్దదైతే 51.2 వోల్టుల సిస్టమ్‌కు పొమ్మని నేను చెప్పేది కూడా ఇందుకే. ఆంపియర్లు నాలుగో వంతుకు తగ్గితే, అదే వైరులో వేడి పదహారో వంతుకు పడిపోతుంది.

లిథియం దగ్గర ఈ పట్టింపు ఎందుకు ఎక్కువంటే, పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ పెద్ద లోడు పడగానే తానే నీరసించి వోల్టేజ్ దించేది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అలా నీరసించదు. ఖాళీ అయ్యేదాకా దాదాపు ఒకే వోల్టేజ్‌తో అడిగినంత ఇస్తుంది, చార్జింగ్‌లోనూ అంతే జోరుగా తీసుకుంటుంది. కాబట్టి వైరు నిమిషాలు కాదు, గంటల తరబడి వేడిని ఓర్చుకోవాలి. మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర గాలే 45 డిగ్రీలకు చేరితే, ఇక వైరుకు మిగిలే వెసులుబాటు 25 డిగ్రీలే.

మందం చూసి మోసపోకూడదు. తొడుగు లావుగా ఉండి లోపల పోగులు సన్నగా ఉండే వైర్లు బజారులో ఉన్నాయి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నవీ ఉన్నాయి. ఒక పోగును చాకుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. రాగి వాహకతలో అల్యూమినియం వాహకత నూటికి అరవై వంతులే.

వైరు సరిగ్గా ఎంచినా అసలు పరీక్ష కొసన ఉంటుంది. వైరులో పుట్టే వేడి నాలుగు మీటర్ల పొడవునా పంచుకుపోతుంది. లూజ్ కాంటాక్ట్‌లో పుట్టే వేడి ఒక్కచోటే నిలుస్తుంది. లగ్గుకు, టర్మినల్‌కు నడుమ ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం ఉంటే చాలు, వంద ఆంపియర్ల దగ్గర అక్కడ పది వాట్లు పుడతాయి. వేడికి లోహం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, బిగువు ఇంకొంచెం సడలుతుంది, వేడి ఇంకొంచెం పెరుగుతుంది. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

అందుకే లగ్గును వైరుకు నొక్కి బిగించే క్రింపింగ్‌ను నేను చేతిపనిలా గౌరవిస్తాను. లగ్గు గొట్టం ఎంత లోతో తొడుగు అంతే తీయాలి. దూరడం లేదని పోగులు కత్తిరించకూడదు. సుత్తితో కొట్టినా, పట్టుకారుతో నొక్కినా లోపల సందులు మిగులుతాయి. ఆ సందుల్లోకి గాలి, చెమ్మ చేరి రాగి నల్లబడుతుంది. సరైన డై వేసి హైడ్రాలిక్ టూల్‌తో నొక్కితే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. అప్పుడప్పుడు ఒక లగ్గును హ్యాక్‌సా బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తాను. పోగులు విడివిడిగా కనిపించక, ఒకే రాగి బిళ్లలా మెరిస్తే మనసు కుదుటపడుతుంది.

బిగించడంలోనూ వరస ఉంది. టర్మినల్ మీద నేరుగా లగ్గు, దాని మీద ప్లేన్ వాషర్, ఆపైన స్ప్రింగ్ వాషర్, తర్వాత నట్టు. లగ్గు కింద వాషర్ పెడితే కరెంటు ఇనుము గుండా పోవాల్సి వస్తుంది. ఎంత బిగించాలో కంపెనీ కాగితంలో ఉంటుంది, దాన్ని టార్క్ రెంచితో పాటించాలి. పాజిటివ్ వైరుకు బ్యాటరీ పక్కనే డీసీ ఫ్యూజ్ ఉండాలి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు దూకుతాయి. ఆ కరెంటును తెంచేటప్పుడు లేచే మెరుపు మంటను ఇంటి ఏసీ ఎంసీబీ ఆర్పలేదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది, డీసీ దిగదు.

2022 ఏప్రిల్‌లో మన నిజామాబాద్‌లోనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. దానికి కారణం వైరని నేను అనడం లేదు. అదే ఏడాది కేంద్రం వాహన బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసింది. అయితే ఆ నియమాలు డబ్బా లోపలి బ్యాటరీకి. ఇంట్లో ఇన్వర్టర్ దగ్గర డబ్బా బయటి వైరు, లగ్గు, నట్టు మన చేతుల మీదుగానే పడతాయి. ఆ పూచీ మనదే.

ఆ పూచీ ఎలా మొయ్యాలో చక్కెర మిల్లులను చూసి నేర్చుకోవచ్చు. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర మిల్లు ఏదైనా క్రషింగ్ మొదలైతే రాత్రింబవళ్లు నడవాలి. నరికిన చెరుకు ఆగదు, నిలిచే కొద్దీ చక్కెర తగ్గుతుంది. అందుకే సీజన్‌కు ముందే ఓవర్‌హాలింగ్ చేసి ప్రతి కనెక్షన్ విప్పి, తుడిచి, బిగిస్తారు. మిల్లు పోయినా ఆ అలవాటు మన ప్రాంతంలో పోకూడదు. ఇంటి బ్యాటరీకి ఎండాకాలం ముందు ఒకసారి అదే చెయ్యండి. పూర్తి లోడు మీద అరగంట నడిపి, మల్టీమీటర్‌ను లగ్గుకు, టర్మినల్‌కు నడుమ పెట్టించండి. వంద ఆంపియర్ల దగ్గర పది మిల్లీవోల్టులు చూపితే అక్కడ పుట్టేది ఒక్క వాటు, భయం లేదు. వంద చూపితే ఆ జాయింటు ఆ రోజే విప్పించండి.

ఇక కొత్త బ్యాటరీ తెచ్చుకునే ముందు బిల్లులో నాలుగు విషయాలు రాయించుకోండి: వైరు రాగిదేనా, ఎన్ని స్క్వేర్ ఎంఎం, లగ్గులు ఏ టూల్‌తో క్రింప్ చేశారు, ఫ్యూజ్ డీసీకి పనికొచ్చేదేనా. ఈ నాలుగూ రాసివ్వని దుకాణంలో బ్యాటరీ ఎంత చవకగా వచ్చినా కొనకండి.