డాక్టరు చేతికి ఒక పాట

పన్ను పీకించుకునేవాళ్ల భయం లోకమంతటికీ తెలుసు. పీకేవాళ్ల భయం గురించి ఎవరూ అడగరు. రూట్ కెనాల్ చేస్తూ, వంకర తిరిగిన వేరులోకి దాన్ని శుభ్రం చేసే సన్నటి ఫైల్ దించుతుంటే, అది లోపల విరిగితే ఎలాగన్న గుబులు ఉంటుంది. మత్తు సూది వేశాక కూడా పేషెంటు ఉలిక్కిపడితే మా గుండె ఝల్లుమంటుంది. ఇదంతా మాస్కు చాటున ఉండిపోతుంది.

బోయిన్‌పల్లిలో మా క్లినిక్ కూరగాయల మార్కెట్ యార్డుకు దగ్గర. బయట లారీల హారన్లు, లోపల కంప్రెసర్ రొద, వీటన్నిటి మీద ఎయిరోటర్ కీచు. నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరుగుతూ పన్ను తొలిచే పరికరం మరి! పేషెంటు ఆ మోత కాసేపు విని వెళ్లిపోతాడు, మేం రోజంతా వినాలి. అందుకే పాటలకని చిన్న స్పీకరు పెట్టాను.

ఇదేం కొత్త విద్య కాదు. అమెరికాలో ఇవాన్ కేన్ అనే సర్జన్ 1914లోనే ఆపరేషన్ గదిలోకి గ్రామఫోను తెచ్చాడు, పేషెంట్ల కోసం. డాక్టరు సంగతి పట్టించుకున్నది చాలా తర్వాత. 1994లో అక్కడే 50 మంది సర్జన్లను పరీక్షిస్తే, తాము ఎంచుకున్న సంగీతం వింటున్నప్పుడు నాడి, బీపీ నెమ్మదించాయి, పనిలో వేగం, కచ్చితత్వం పెరిగాయి. అయితే వాళ్లచేత చేయించింది ఆపరేషన్లు కాదు, తీసివేత లెక్కలు! కాబట్టి ఆ ఫలితాన్ని ఆచితూచి పుచ్చుకోవాలి. ఒక్క మాట మాత్రం నా అనుభవానికి సరిపోయింది: ఎవరి పాట వాళ్లే ఎంచుకోవాలి.

నాకైతే కొత్త సినిమా పాటలు పనికిరావు, మనసు మాటల వెంట పోతుంది. ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టుకుంటే భుజాలు వాటంతటవే దిగుతాయి, నోట్లో చూసే అద్దం పట్టుకున్న వేళ్ల బిగువు సడలుతుంది. ఓసారి ఉల్లిగడ్డల వ్యాపారి ఒకాయన నోట్లో దూది తీయగానే అడిగాడు: “డాక్టర్ సాబ్, పాట మంచిగుంది గానీ, మీరు పాట వింటున్రా, నా పన్ను చూస్తున్రా?”

న్యాయమైన ప్రశ్నే. వేరు పొడవు కొలిచేటప్పుడు ఎపెక్స్ లొకేటర్ అనే పరికరం బీప్‌ల వేగాన్ని బట్టే ఫైల్ వేరు కొస దగ్గరికి చేరిందని చెవికి తెలుస్తుంది. అప్పుడు వీణ బంద్. రక్తం ఆగకపోయినా, పిల్లలు ఏడ్చినా అంతే. నర్సు మాట వినబడనంత సౌండు ఎప్పుడూ కూడదు.

మీకూ ఒక మనవి. కుర్చీలో ఉన్నప్పుడు పాట చిరాకనిపిస్తే మొహమాటపడకండి. ఎడమచెయ్యి ఎత్తండి, ఆపేస్తాం.