ఘాటెక్కే సైకిల్

ఆసిఫాబాద్ నుంచి కెరమెరి, జైనూర్ మీదుగా ఉట్నూరు పోయే దారిలో ఘాట్ ఉంది. కుమ్రం భీం 1940లో ప్రాణాలిచ్చిన జోడేఘాట్ కూడా కెరమెరి మండలంలోదే. అటు సైకిల్ మీద బయల్దేరినవాళ్ళకు ఎక్కేటప్పుడు గేరు విలువ, దిగేటప్పుడు బ్రేకు విలువ తెలిసొస్తాయి. ఇంకో దిక్కున 363వ నంబరు జాతీయ రహదారి మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్, వాంకిడి దాటి చంద్రాపూర్ వైపు సాగిపోతుంది. దాని మీద సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిల్‌దే రాజ్యం. ఈ రెండూ కాక పత్తి చేల నడుమ రేగడి బాటలున్నాయి. వానాకాలంలో ఆ నల్లమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రాన్ని కదలనివ్వదు. ఇలా ఒక్క ఊరికి మూడు తీర్ల దారులు. అందుకే ఇక్కడ ఇద్దరు సైకిల్ పిచ్చోళ్ళు కలిస్తే "ఎంతకు కొన్నవ్?" అన్న ప్రశ్న తొందరగా అయిపోతుంది. "ఏమేం మార్పిచ్చినవ్?" అన్న దగ్గరే ముచ్చట మొదలవుతుంది.

ఇది గేరు సైకిళ్ళతో వచ్చిన అలవాటేం కాదు. హెర్క్యులిస్, అట్లాస్, హీరో నల్ల సైకిళ్ళ కాలంలో కూడా కొత్త సైకిల్ మిస్త్రీ చేతిలో ఒకసారి పడితేగాని సొంతదారుకు నచ్చేది కాదు. ముందు ఫోర్కుకు అదనపు కమ్మీలు, పాల క్యాన్లకూ గడ్డిమోపులకూ ఆగే ఇనుప క్యారియర్, దండ మీద పిల్లల సీటు, రాత్రి డ్యూటీకి డైనమో లైటు. అవన్నీ అయ్యాక సోకు: సీటుకు ముఖ్మల్ కవరు, హ్యాండిల్ చివర్లకు రంగుల కుచ్చులు, హబ్బు చుట్టూ తిరుగుతూ దాన్ని మెరిపించే బ్రష్షు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లుకూ బెల్లంపల్లి బొగ్గుబావులకూ షిఫ్టు వేళకు సైకిళ్ళ మీద పోయిన తరం అది. సైకిల్‌ను చూసి దాని మనిషి చేసే పనేదో చెప్పగలిగేవాళ్ళు. దండ కింది నుంచి కాలు దూర్చే కైంచి తొక్కుడుతో మొదలుపెట్టి సీటు మీదికి ఎక్కిన ప్రతి పిల్లవాడూ ఆ మార్పులను చూస్తూ పెరిగినవాడే.

మిస్త్రీల విద్యల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది చక్రం బెండు తీయడం. పెద్ద నల్ల సైకిల్‌కు ముందు చక్రంలో 32 పుల్లలు, వెనక 40. బరువంతా వెనక పడుతుంది కనుక ఆ లెక్క. మిస్త్రీ సైకిల్‌ను తలకిందులు చేసి చక్రాన్ని మెల్లగా తిప్పుతాడు. ఫోర్కుకు ఆనించి పట్టుకున్న సుద్దముక్క రిమ్ము దగ్గరికి తెస్తాడు. రిమ్ము ఎక్కడ పక్కకు ఒరిగిందో అక్కడే సుద్ద గీత పడుతుంది. కుడివైపు ఒరిగితే ఆ గీత దగ్గర ఎడమ పుల్లల చివరి నట్టు (నిపుల్) బిగించాలి, కుడి పుల్లలవి అంతే సడలించాలి. ఒక్కోసారికి పావు చుట్టు, అంతకు మించి తిప్పడు. తిప్పిన ప్రతిసారీ చక్రాన్ని మళ్ళీ తిప్పి చూస్తాడు. వంకర పోయేలోపు గుండ్రదనం పోతే మొదటికే మోసం.

"ఒక్క పుల్లనే గుంజొద్దు బిడ్డా, నాలుగింటికి పంచాలె" అంటాడు. ఆ మాటలో ఇంజనీరింగు అంతా ఉంది. పుల్లలన్నీ సమానంగా బిగిసి ఉంటేనే గుంతలో పడ్డ దెబ్బను కలిసి మోస్తాయి. ఒకటి వదులైతే పక్కది దాని బరువు కూడా మోసి ముందుగా విరుగుతుంది. చివర్లో గోటితో పుల్లలను ఒకదాని తర్వాత ఒకటి మీటి వింటాడు. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతి పలకాలి. గేరు సైకిల్ వెనక చక్రంలో మాత్రం పళ్ళచక్రాల వైపు పుల్లలు ఎక్కువ బిగువుగా ఉంటాయి కాబట్టి రెండు వైపులకూ రెండు శ్రుతులు. పుల్లలు ఎక్కువగా తెగేది కూడా ఆ వైపే. వేలు పెట్టి కొన్న అల్లాయ్ రిమ్ముకైనా ఈ చెవి, ఈ ఓపిక తప్పవు.

కాటరు సంగతి కూడా చెప్పాలి. పెడల్ క్రాంకును ఇరుసుకు బిగించే చిన్న ఇనుప చీల అది. దాని ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో రాసి, పెట్టి చూసి, మళ్ళీ రాసి, సుత్తితో కొట్టి నట్టు బిగిస్తారు. రెండు వైపుల కాటర్లు ఒకదానికొకటి ఎదురు దిశలో దిగాలి, లేకపోతే రెండు క్రాంకులు ఒకే గీతలో నిలవవు. తొక్కిన ప్రతి చుట్టుకూ ఒకసారి కటక్‌మంటే మిస్త్రీ చూడకుండానే "కాటరు పోయింది" అంటాడు. నేటి సైకిళ్ళకు కాటరు లేదు, కానీ చప్పుడును బట్టి రోగం పట్టే ఆ చెవి అవసరం తీరిపోలేదు.

ఇక గేర్లు. గేరు లెక్క తెలియకుండా చేసే ఖర్చంతా దండగే. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిల్ ఎంత ముందుకు పోతుందన్నదే ఆ లెక్క. పెద్ద నల్ల సైకిల్‌కు ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు, 28 అంగుళాల చక్రం ఉంటే ఒక్క చుట్టుకు సుమారు 5.4 మీటర్లు. చదునైన దారికి అది సరే. ఎత్తు ఎక్కాలంటే మాత్రం మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకే మన పెద్దలు ఘాట్ కింద దిగి తోసుకుంటూ పోయేవాళ్ళు. వెనక 20 పళ్ళ ఫ్రీవీలు వేస్తే అది 4.9 మీటర్లకు తగ్గుతుంది. బరువు మోసేవాళ్ళకు అంత తేడా కూడా పెద్ద ఊరటే. అదే 26 అంగుళాల మౌంటెన్ సైకిల్‌లో ముందు చిన్నది 24 పళ్ళు, వెనక పెద్దది 28 పళ్ళు అనుకోండి. చుట్టుకు 1.8 మీటర్లకు కాస్త తక్కువ. వెనక ఫ్రీవీలు ఒక్కటి మార్చి 34 పళ్ళది వేస్తే 1.5 మీటర్ల లోపు. కెరమెరి ఘాట్‌లో సీటు మీది నుంచి దిగకుండా, ఊపిరి ఆడుతుండగా ఎక్కడానికి కావాల్సింది ఇదే. రోడ్ సైకిల్‌వాళ్ళు కూడా ముందు 34, వెనక 32 పళ్ళు పెట్టించుకుంటే మేలు. చిన్న గేరు వేయడం చేతగానితనం అనుకునే కుర్రాళ్ళున్నారు. టూర్ ద ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్ కూడా అలాగే అనుకున్నాడు. ఆ పోటీలో పందెగాళ్ళందరికీ గేరు మార్చే యంత్రాన్ని అనుమతించింది 1937లోనే. ఆ తర్వాత ఎవరూ వెనక్కి పోలేదు.

మౌంటెన్ సైకిల్ అన్నదే పాత సైకిళ్ళకు చేసిన మార్పుల్లోంచి పుట్టింది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1930ల, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళు తెచ్చి, లావు టైర్లతో కొండ మీది నుంచి మట్టిబాటలో దిగేవాళ్ళు. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి రీప్యాక్ అని పేరు. దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడెక్కి గిరీసంతా కాలిపోయేది. మళ్ళీ గిరీసు కూరితేగాని సైకిల్ పనికొచ్చేది కాదు, ఆ పేరు అందుకే. ఆ బాధ పడలేకే గేర్లు పెట్టారు, మంచి బ్రేకులు పెట్టారు. జో బ్రీజ్ 1977లో ఆ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. క్యారియర్‌కు కమ్మీ అతికించిన మన మిస్త్రీ చేసిందీ ఆ జాతి పనే.

టైర్ల దగ్గర చాలామంది మోసపోతుంటారు. 29 అంగుళాల మౌంటెన్ సైకిల్‌కూ 700సీ రోడ్ సైకిల్‌కూ రిమ్ము కొలత ఒక్కటే, 622 మిల్లీమీటర్లు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఆ అంకె ఉంటుంది. దుకాణంలో అంగుళాలు చెప్పకుండా ఆ అంకె చూపించండి. మౌంటెన్ సైకిల్‌ను రోజూ రహదారి మీదే తొక్కేవాళ్ళు రిమ్ము వెడల్పుకు సరిపోయే నున్నటి, కాస్త సన్నని టైర్లు వేసుకుంటే కొత్త సైకిల్ కొన్నట్టే ఉంటుంది. రేగడి బాటలవాళ్ళకు లావు టైరు, తక్కువ గాలి, మట్టి జారిపోవడానికి ఫోర్కులో చోటు కావాలి.

ఎవరికైనా తప్పనివి పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు. పంచర్ వేయడంలో ట్యూబును నీళ్ళలో ముంచి బుడగ చూడటం అందరికీ తెలుసు. చాలామంది మరిచిపోయేది టైరు లోపల వేలితో తడమడం. ముల్లు అక్కడే ఉంటే కొత్త అతుకు వేసిన చోటే మళ్ళీ గాలి పోతుంది. సొల్యూషన్ రాయగానే అతికించకూడదు, వేలికి అంటనంతగా ఆరాలి. మే నెల ఎండలో నిలబెట్టిన సైకిల్‌కు తొందరపడి వేసిన అతుకు ఊడిపోక మానదు.

చైన్ కొలవడానికి బడిపిల్లల స్కేలు చాలు. కొత్త చైన్‌లో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం. కాబట్టి 24 అరలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే చైన్‌తోపాటు పళ్ళచక్రాలూ పోతాయి. వందల్లో పోయేది వేలల్లోకి ఎక్కుతుంది.

ఈ విద్యకు ఇప్పుడు రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతోంది. మిస్త్రీల పిల్లలు మోటారుసైకిల్ పనికి మళ్ళారు, చెట్టు కింది సైకిల్ దుకాణాలు తగ్గిపోతున్నాయి. గేరు సైకిల్ కుర్రాళ్ళేమో చిన్న మరమ్మతుకు కూడా ఫోన్‌లో వీడియోలు చూసి, దొరకని పనిముట్లకు ఆర్డర్ పెడుతున్నారు. గేరు కేబుల్ బిగువు సరిచేయడం మిస్త్రీకి ఒక్క పూట నేర్పితే వచ్చేస్తుంది. చక్రం శ్రుతి కుర్రాళ్ళకు ఏ వీడియో నేర్పలేదు. ఇద్దరూ ఒక చక్రం ముందు కూర్చోవాలి.

కొనబోయేవాళ్ళకు నా మాట ఇది. తక్కువ ధరలో వెనక స్ప్రింగు ఉన్న సైకిల్ కొనకండి. అది బరువు, పైగా ఘాట్‌లో మీరు తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, వెనక 34 పళ్ళ ఫ్రీవీలు వేయించుకోండి. అన్నిటికన్నా ముందు మీ ఊళ్ళో ఇంకా దుకాణం తెరుస్తున్న సైకిల్ మిస్త్రీ దగ్గరికి పోయి రెండు చక్రాల బెండు తీయించండి, అడిగినంత ఇవ్వండి.