పురుషోత్తము చౌధరి కీర్తనలు: చరణములు విడిచిన పల్లవి

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పాటకు పైన రాగము, తాళము, కర్త పేరు కనబడును. మేము పరిచర్య చేయుచున్న పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామములలో ఆ మూడింటిని చదువువారు నేడు అరుదు. పాట సంఖ్య ప్రకటింతుము, పల్లవి అందుకొందుము, రెండు చరణములు పాడి కూర్చుందుము. ఈ అలవాటు చేత మనము పోగొట్టుకొనుచున్నది ఏమిటో ఒక్క కర్తను ముందుంచుకొని చూడదలచితిమి. ఆయన పురుషోత్తము చౌధరి (1803–1890).

చౌధరి వంగదేశపు బ్రాహ్మణ మూలముగల కుటుంబములో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, దీర్ఘకాలము సువార్త ప్రకటించిన వ్యక్తి. త్యాగరాజు 1847లో కన్నుమూయునాటికి చౌధరి నలువది దాటినవాడు. తంజావూరులో వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళమున క్రైస్తవ కృతులు రచించుచున్న కాలము కూడ అదే. అనగా క్రైస్తవ కీర్తన మన సంగీతము పాతబడిన తరువాత దానినుండి అరువు తెచ్చుకొన్నది కాదు. ఆ సంగీతము సజీవముగా పెరుగుచున్న దినములలోనే దానితో కూడ పుట్టినది. లూథరన్ సంఘములవారు బాహ్ తన రచనల చివర 'దేవునికే మహిమ' అను అర్థమిచ్చు మూడక్షరములు వ్రాసెనని మురిసిపోవుదురు, మంచిదే. అయితే 1842లో హయ్యర్ దొర గుంటూరు చేరుటకు మునుపే మన భాషలో ఒక కీర్తనకారుడు బాప్తిస్మము పొందియుండెనను సంగతి మన బోధకులలో ఎందరికి తెలియును?

ఆయన కీర్తనలలో 'త్రాహిమాం క్రీస్తునాథ' మనవారందరికి తెలిసినదే. పల్లవిలో మొర, చరణములలో ఆ మొరకు కారణము. పాపి తన స్థితిని ఒక్కొక్క మెట్టుగా ఒప్పుకొనుచు, ప్రతి మెట్టునుండి మరల పల్లవికి వచ్చును. ప్రతిసారి ఆ మొర మునుపటికంటె బరువెక్కును. దావీదు కీర్తనలలో విలాపము నడచు తీరు ఇట్టిదే. మన బైబిలు ఆ గ్రంథమునకును, గాయకులు తమ కృతులకును 'కీర్తన' అను ఒకే పేరు వాడుట కాకతాళీయమైనను, చౌధరి చేతిలో ఆ రెండును నిజముగా కలిసినవి.

ఇంకొక విశేషము. ఇంద్రియములకు లోబడితినని చెప్పు పెద్ద సంస్కృత సమాసము ప్రక్కనే, గవ్వ విలువ చేయనని చెప్పు సంతమాట వచ్చి కూర్చుండును. పండితుడు తన పాండిత్యముతోనే సిగ్గుపడుచున్నట్లుండును. ఈ చోటు మాకు ఆయన రచనలలో మిక్కిలి ప్రియమైనది.

భక్తి సంప్రదాయపు మాటలను క్రీస్తుకు తొడుగుట తగునా అని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణకు మేము ఎక్కువ చోటివ్వము. యోహాను 'వాక్యము' అను మాటను గ్రీకుల వాడుకనుండి దూరముగా పెట్టలేదు గదా.

నొప్పి కలిగించు ప్రశ్న వేరొకటి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొర పరిచర్యలో చేరినవారిలో అధికులు మాదిగలు. అక్షరము నిరాకరింపబడినవారి బిడ్డల నోట బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవాని సమాసములు పెట్టుట న్యాయమా? మా సహోదరులలో కొందరు ఇది మరియొక అధికారమేనని, డప్పును గుడి బయట ఉంచి హార్మోనియమును లోపలికి తెచ్చితిమని అందురు. డప్పు విషయములో వారి మాట సత్యము. ఆ తప్పు చౌధరిది కాదు, సంఘములను నడిపించిన మనది. కాని పాట విషయములో వారు ఒక సంగతి మరచుచున్నారు. చదువురాని మన తల్లులు ఆ కీర్తనలను చెవితో నేర్చి, కంఠస్థము చేసి, రాగమును తమ పొలముపాటల సాగదీతకు వంచుకొనిరి. గమకములు కొన్ని పోయినవి, పల్లెటూరి విరుపులు కొన్ని చేరినవి. శాస్త్రజ్ఞుడు దీనిని అపస్వరమనవచ్చును. ఇది కూడ ఒక బాణీయే అని మా అభిప్రాయము. ఆ సమాసములు ఇప్పుడు వారి సొత్తు. వాటిని కఠినమని తీసివేయుట వారిని రెండవసారి నిరాకరించుటయే.

కనుక రాగశుద్ధి పోయెనని మేము విలపించుట లేదు. పోయినది మరింత విలువైనది. నేడు కీబోర్డులో ముందే అమర్చిన తాళము నొక్కుదురు. ఆ వేగమునకు విలాపము కుదరదు, మొర కాస్తా చప్పట్ల పాటగును. తెరమీద వేయు పాటలలో నాలుగైదు చరణములు రెండగును. ఒప్పుకోలు చరణములే మొదట తెగును, ఏలయనగా అవి పొడవు, వినుటకు కష్టము. మిగిలినది కారణము లేని మొర. పాపపు ఒప్పుకోలు లేక రక్షణను అడుగు సంఘమునకు సిలువ ప్రసంగము ఎట్లు అతుకును? ఆలస్యమగుచున్నదని మేమే ఎన్నోమారులు చేయి చూపి చరణములు ఆపించితిమి. ఈ విమర్శలో మా పేరును కలదు.

చౌధరిలో కొరత లేకపోలేదు. మేము ఎరిగిన ఆయన పాటలలో 'నేను' బలముగా పలుకును, 'మేము' పలుచన. కూలి, ఆకలి, అంటరానితనము మోయు సంఘము కలిసి పెట్టు మొర అక్కడ దొరకదు. దానికొరకు గుఱ్ఱం జాషువ వంటి ఈ నేల కవివద్దకు వెళ్ళవలెను. 'క్రీస్తు చరిత్ర' వెలువడిన తరువాత ఆ స్వరమును పాటగా కట్టు పని మన సెమినరీలలో ఇంకను జరుగవలసియున్నది.

మిరపకోతల కాలమున ఒక సాయంత్రము కల్లము దగ్గర గృహకూటము జరిపితిమి. కాయలు ఆరబోసిన పట్టాల ప్రక్కన చాపలు పరచిరి, ఘాటుకు అందరికి దగ్గులు. 'త్రాహిమాం' రెండు చరణములు పాడించి మేము బైబిలు తెరచితిమి. ఒక ముసలమ్మ ఆగలేదు. కన్నులు మూసుకొని మూడవ చరణము ఎత్తుకొన్నది. కోతకూలీలు ఒక్కొక్కరే ఆమెతో కలిసిరి. మాకు ఆ చరణము నోటికి రాదు. పుస్తకములో వెదకుకొనుచుండగా ఆమె నాలుగవదానికి పోయినది.